గింజలు లేని సీతాఫలం

సీతాఫలంలో గింజలు ఉండటం ప్రకృతి చేసిన పెద్ద తప్పు. ఆ తప్పును మా వనపర్తిలో కొత్తగా తెరిచిన ఏసీ మార్ట్ దిద్దేసింది!

ముప్పై ఏళ్లుగా లెక్కల పేపర్లు దిద్దుతున్నవాణ్ణి, ఈ మాట బాధ్యతతోనే చెబుతున్నాను. అక్కడ గుజ్జు డబ్బాల్లో దొరుకుతుంది. గింజ లేదు, తొక్క లేదు. రుచి కూడా పెద్దగా అడ్డు రాదు. చలి మొదలయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు, ఏప్రిల్‌లోనూ తినవచ్చు.

అనపకాయలైతే ఒలిచే అమ్ముతున్నారు. నిరుడు ఇంట్లో ఇద్దరం చాప మీద కూర్చుని గంటసేపు ఒలిచేవాళ్లం. ఎంత వృథా! ఈ ఏడు ఆ గంట పూర్తిగా మిగిలింది. ఆ గంటలో మా గోడగడియారం సరిగ్గానే నడుస్తోందని నిర్ధారించుకున్నాను.

అన్నిటికన్నా గొప్ప సుఖం ఇంకొకటుంది. మార్ట్‌లో ఎవరూ ఏమీ అడగరు. "సంచి కావాలా సార్?" అంతే. నాగరికత అంటే ఇదే కదా!

బజార్లో జమ్ములమ్మ అలా కాదు. గోపాల్‌పేట నుంచి సీతాఫలాల గంపతో వచ్చే ఆ మనిషి కాయ ఇచ్చేముందు విచారణ జరుపుతుంది. ఇంట్లో ఎందరు? ఏ రోజు తింటారు? రేపటివి, ఎల్లుండివి వేరు చేసి ఇస్తుంది. బియ్యం డబ్బాలో దాచితే ఆమె చెప్పిన రోజుకే పండుతాయి. నేను కాయ ముట్టుకుంటే చాలు, "ఒత్తకు సారూ, అది పిల్లల చెవి గాదు!" అని నలుగురిలో అంటుంది. పక్కన మా ఆవిడ కౌసర్ నవ్వేది.

కౌసర్ మే నెలలో చనిపోయింది. అప్పటినుంచి నేను మార్ట్ అభిమానిని.

బజారు తగలకుండా నెల రోజులుగా వెనక సందు చుట్టి ఇంటికి పోతున్నాను. నడక ఆరోగ్యానికి మంచిది కదా! మొన్న ఆదివారం పైపుల కోసం ఆ సందు తవ్వేశారు. దొరికిపోయాను.

"ఏంది సారూ, ఈయేడు అగుపడకనే పోతివి? ఎందరికియ్యాలె?"

"ఇద్దరికి," అన్నాను.

లెక్కల మాస్టారి జవాబు!

రేపటికి రెండు, ఎల్లుండికి రెండు ఇచ్చింది. సోమవారం రెండూ పండాయి. ఒకటి తిన్నాను. రెండోది డబ్బాలోనే ఉంచాను. ఎందుకని అడగకండి. మంగళవారానికి బియ్యం నిండా చీమలు.

బుధవారం నేనే బజారుకు వెళ్లి తప్పు దిద్దుకున్నాను. "ఒక్కరికే, జమ్ములమ్మా."

ఆమె నా ముఖం చూసింది. గంపలోంచి మెత్తగా పండిన కాయ తీసి రెండుగా విప్పింది.

"గీడ కూసో సారూ. గిది ఇంటిదాక ఆగదు."

సగం నా చేతిలో పెట్టి, సగం తను తీసుకుంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని తిన్నాం. ఆమె ఏమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు. చెప్పే వీలేదీ, నోటినిండా గింజలు!

ఆ సౌకర్యాన్ని డబ్బాలో పెట్టి అమ్మడం మార్ట్‌వాళ్లకు ఇంకా చేతకాలేదు.