లోపలి టెస్టు, బయటి టెస్టు

నాంపల్లిలోని నగర వినతుల పరిష్కార మండలిలో గత మూడు నెలలుగా ఒక్క ఫిర్యాదు కూడా పెండింగులో లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇది నా మాట కాదు, కంప్యూటరు మాట. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కంప్యూటరు ఏమీ మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. మండలి ఒక తీర్మానం చేసి దాన్ని పూర్ణాంగీకారంగా సవరించింది.

ఈ ఘనతకు మూలం నర్మద అనే కాంట్రాక్టు ప్రోగ్రామరు. సిద్దిపేట వైపు నుంచి వచ్చి హిమాయత్‌నగర్ హాస్టల్లో ఉంటోంది. ముప్పై రోజులు దాటినా ఎవరూ ముట్టుకోని ఫిర్యాదులను రిజిస్టరులోంచి ఏరి, ఒక్కోదాని పక్కన బాధ్యుడైన అధికారి పేరు వేసి అచ్చుతీసే ప్రోగ్రాము రాయడం ఆమె పని. అది పనిచేస్తే ఒప్పందం ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే మూటాముల్లె సర్దుకోవాలి.

ఆమె తొలి నమూనాకు తాత్కాలికంగా ‘టెస్ట్’ అని పేరు పెట్టింది. ప్రోగ్రాములు రాసేవాళ్లందరూ జన్మకోసారి చేసే పనే. కానీ ఆ పేరు మంజూరు ఉత్తర్వులోకి ఎక్కేసింది. మారుస్తానని ఆమె అర్జీ పెట్టుకుంటే పేర్ల ఉపసంఘం కూర్చుంది. పేరు మార్చుకోవడానికి మనుషులకు గెజెట్ ఉంది గాని ప్రోగ్రాములకు లేదని, మార్చాలంటే కొత్త టెండరు పిలవాలని తేల్చి, టీ తాగి లేచింది.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. కీబోర్డుకు పసుపు కుంకుమ పెట్టారు. మౌస్ కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. మండలి సంచాలకులు సదాశివ గారు నల్లటి తెర మీద ‘టెస్ట్’ అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన రిజిస్టరు పేరు చేర్చి, కళ్లు మూసుకుని మీట నొక్కారు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. చప్పట్లు మాత్రం వచ్చాయి.

“నిన్న హాస్టల్ల నాలుగు వేల పేర్లు వచ్చినయి సార్,” అంది నర్మద.

“గది హాస్టల్ బేటా, గిది ఆఫీసు. గీడ డిసిప్లిన్ ఉంటది,” అన్నారు సదాశివ గారు.

మండలి కీర్తి ఖైరతాబాద్ దాకా పాకింది. తక్కిన శాఖలవాళ్లు తమ రిజిస్టర్లు పట్టుకుని క్యూ కట్టారు. హాజరు పట్టీని పరీక్షిస్తే గైర్హాజరైనవాడు ఒక్కడూ లేడు. ఆ సమయంలో సగం కుర్చీల్లో రుమాళ్లు మాత్రమే విధులు నిర్వర్తిస్తున్నాయి. కారుతున్న నల్లాల జాబితా ఇస్తే నగరంలో నల్లాలన్నీ పొడిగా ఉన్నాయని రూఢి అయింది. ఒకనాడు రవికిరణ్ అనే గుమాస్తా పరధ్యానంలో అసలు లేనే లేని శాఖ పేరు కొట్టాడు. దాని మీదా ఫిర్యాదు రాలేదు. లేని శాఖ కూడా ఇంత చక్కగా పనిచేయడం సుపరిపాలనకు పరాకాష్ఠ అని ప్రశంసాపత్రం రాయించారు. దాన్ని అందుకోవడానికి ఇద్దరు అధికారులు పోటీ పడ్డారు.

ఈ సుఖశాంతుల మధ్యకు ప్రతి సోమవారం కిష్టవ్వ వచ్చేది. ఆమె అబిడ్స్‌లో ఒక గల్లీ మొదట్లో బండి మీద పూలమ్ముతుంది. బండి ముందు మూత లేని మ్యాన్‌హోల్ ఉంది. దాని మీద ఆమె పదకొండు అర్జీలు పెట్టింది.

“కంప్యూటర్ల లేదవ్వా. లేని గుంతను మేమెట్ల పూడుస్తం?” అన్నారు సదాశివ గారు, దయగా.

“లేకుంటే మొన్న బ్యాండుమేళం బూరాయన ఏడ పడ్డడు సారూ? ఆస్మాన్ల పడ్డడా? బూరొక్కటి పైకి కనబడుతుండె, ఆయన కింద ఉండె.”

“గది ఆయన పర్సనల్.”

నర్మదకు ఏడుపొచ్చినంత పనైంది. తాను రాసిన ప్రోగ్రాము ఒక ముసలమ్మను అబద్ధాలకోరును చేసిందని సిగ్గుపడింది. ప్రతి వాక్యం మళ్లీ చదివింది. ఎక్కడా తప్పు లేదు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అట్ట ఊడిన లావుపాటి కంప్యూటరు పుస్తకం ఒకటి దొరికింది. అక్కడే నిలబడి చదివింది. నల్ల తెర వెనక షెల్ అనే జవాను ఒకడుంటాడట. మనం ఏ పేరు కొడితే ఆ పేరుగల ప్రోగ్రామును వెతికి పిలవడం వాడి కొలువు. అయితే చిన్నాచితకా పనులకు వాడు కొందరు సొంత మనుషులను లోపలే పెట్టుకున్నాడు. పిలిచిన పేరుగలవాడు లోపలే ఉంటే ఇక బయటికి తొంగి కూడా చూడడు. ఆ లోపలివాళ్లలో ఒకడి పేరు టెస్ట్. రిజిస్టరు పేరు చెబితే వాడు రిజిస్టరు తెరవడు. ఏదో ఒక మాట చెప్పారు కదా, సరే అనుకుని లోలోపల తలాడించి ఊరుకుంటాడు.

అంటే మూడు నెలలుగా కొలువు చేసింది వాడే. నర్మద టెస్టును ఎవరూ పిలవనే లేదు. హాస్టల్లో ఆమె ల్యాప్‌టాప్‌లో బటన్ నొక్కితే అది నేరుగా ప్రోగ్రాము దగ్గరికే పోయేది కాబట్టి అక్కడ ఈ పేచీ రాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక కాంట్రాక్టు ఉద్యోగి ఎంత? విరుగుడు కూడా పుస్తకంలోనే ఉంది. పేరుకు ముందు ఒక చుక్క, ఒక ఏటవాలు గీత పెట్టి ప్రోగ్రాము ఉన్న చోటు చెబితే చాలు, జవాను నోరు మూసుకుని అక్కడికే పోతాడు.

సోమవారం నర్మద చుక్క, గీత పెట్టి మీట నొక్కింది. ప్రింటరు మొదలుపెట్టింది, ఆగలేదు. నాలుగు వేల మూడువందల పన్నెండు ఫిర్యాదులు. అన్నిటికంటే పైన, పదకొండు అర్జీలూ ఒకే పద్దుగా, కిష్టవ్వది. బాధ్యుడు: సదాశివ. ఉద్యోగుల పట్టికలో పేరు, ఇంటి చిరునామా ఒకే గడిలో ఉండటం వల్ల హిమాయత్‌నగర్ ఇంటి నంబరుతో సహా అచ్చయింది.

“నా ముక్క నాకు చింపియ్యి బిడ్డా,” అని అడిగి తీసుకుని, కిష్టవ్వ దాన్ని కొంగున ముడేసుకుంది.

అత్యవసర సమావేశం జరిగింది. సదాశివ గారు గొంతు సవరించుకున్నారు. “మిత్రులారా! ఒకే పేరుతో ఇద్దరున్నారు. ఒకరు లోపలివారు. జీతం అడగరు, సెలవు పెట్టరు, ఎవరి పేరూ బయటపెట్టరు. ఇంకొకరు బయటివారు. పిలిచీ పిలవగానే నాలుగు వేల చాడీలు చెప్పారు. వీరిలో నిజమైన ఉద్యోగి ఎవరో మీ అంతరాత్మలను అడగండి!” అంతరాత్మలు కూడా లోపలివే కనుక వెంటనే జవాబిచ్చాయి.

తీర్మానాలు చకచకా జరిగాయి. ఏటవాలు గీతను నిషేధించి, కీబోర్డుల్లోంచి ఆ మీటను పీకించారు. నర్మద విషయంలో మాత్రం న్యాయంగా వ్యవహరించారు. బుధవారం పరిశీలన సంఘం అబిడ్స్ వెళుతుంది. గుంత ఉంటే ఆమె ఒప్పందం పొడిగిస్తారు, లేకుంటే లేదు. నర్మద ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నది. గుంత ఎక్కడికి పోతుంది?

మంగళవారం పొద్దున్నే కిష్టవ్వ పూలబండి హిమాయత్‌నగర్‌లో సదాశివ గారి గేటు ముందు వెలిసింది.

“గుంత పూడ్చేదాంక గీడనే అమ్ముత సారూ. గిరాకీ గూడ మంచిగుంది,” అంది కిష్టవ్వ. పూలు కొన్న ప్రతివారికీ మూరతోపాటు గుంత కథ కూడా కొలిచి ఇచ్చింది. మధ్యాహ్నానికల్లా అబిడ్స్‌కు సిమెంటు వచ్చింది, మూత వచ్చింది, మూతకు పసుపు రంగు కూడా వేశారు.

బుధవారం పరిశీలన సంఘం టేపుతో వెళ్లి కొలిచింది. ‘గుంత లేదు. ఎన్నడైనా ఉండెనన్న దాఖలా లేదు. లోపలి టెస్టు చెప్పినదే సత్యం’ అని నివేదిక ఇచ్చింది. సాయంత్రానికి నర్మద చేతికి తొలగింపు ఉత్తర్వు వచ్చింది.

ఆమె బ్యాగు పట్టుకుని అబిడ్స్ మీదుగా పోతుంటే కిష్టవ్వ పిలిచి తలలో మూరెడు మల్లెపూలు పెట్టింది. “అంత నీ పుణ్యమే బిడ్డా!”

“ఔ అవ్వా,” అంది నర్మద.

మిగిలిన నాలుగు వేల మూడువందల పదకొండు మందికి ‘మీ ఫిర్యాదు పరిష్కారమైనది’ అని ఫోనుకు సందేశం పంపారు. నాకూ వచ్చింది. మా గల్లీలో దీపం వెలగక రెండేళ్లు. అయినా ‘మా సేవతో సంతృప్తి చెందారా?’ అని అంత మర్యాదగా అడిగితే కాదనలేక ఐదు నక్షత్రాలు నొక్కాను. నవ్వుతున్నారు కదా, నవ్వండి. నవ్వడం అయ్యాక, మీకు ఆ సందేశం వచ్చిన రోజు మీరెన్ని నొక్కారో కూడా చెప్పండి.