పేరు దింపి వెళ్లేవారికి

విదేశం వెళ్లే మనిషి తన పేరును ఇక్కడే ఎవరింట్లోనైనా దింపి వెళ్లాలన్న నిబంధన దేవుడికి సమ్మతమేనా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. గుళ్లో పూజారిగారిని అడిగితే, పేరు లేకుండా అర్చన ఎలా చేస్తాం, పోనీ గోత్రమైనా చెప్పండి అన్నారు. పేర్ల కార్యాలయంలో అడిగితే, దేవుడి సంగతి తమ శాఖది కాదన్నారు. ఎవరి పరిధిలో వారు సరిగానే చెప్పారు.

నిబంధన తెలియనివాళ్లు లేరు. కానీ మొదటిసారి ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మందులు, మెత్తటి చెప్పులు, పచ్చడి పొట్లాలు ముందు సర్దుకుని పేరు సంగతి ఆఖర్న చూసుకుంటారు. అలా చేయకూడదు. టిక్కెట్టు కన్నా ముందు, పేరు దింపే ఇల్లు చూసుకోవాలి. ఆ ఇంటివాళ్లు రోజూ పొద్దున్నే, పేరు దాచిన గిన్నె మూత తీసి, లోపలి పేరును ఒక్కసారి గట్టిగా, మనిషి పలుకుతాడన్నట్టుగా పిలిచి, మళ్లీ మూత పెట్టాలి. కొన్నాళ్లు వరసగా పిలవకపోతే పేరు దోసెల పిండిలా పులుస్తుంది. పులిసిన పేరును తిరిగి ఇవ్వరు. ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిన పేర్లలో ఒకటి అంటగడతారు.

పిలిచేవాళ్లను ఎంచుకోవడంలో జాగ్రత్త ఉండాలి. కుక్కను పేరు పెట్టి పిలిచే ఇంట్లో దింపకూడదు. మరీ మర్యాదస్తుల ఇల్లు కూడా మంచిది కాదు. ఒకాయన పేరును పక్కింటివాళ్లు రోజూ 'గారు' చేర్చి పిలిస్తే ఆ 'గారు' పేరుకి అతుక్కుపోయింది. ఆయన తిరిగొచ్చాక కన్నతల్లి కూడా గారూ అనే పిలవాల్సి వస్తోంది. గిన్నె పిలిచేవాళ్ల ఇంటిదే అయి ఉండాలి. మన గిన్నెలో పెట్టి ఇస్తే పేరు ఆ ఇంట్లో కుదురుగా ఉండదు.

కాకినాడలో భావనారాయణ అనే ఆయన ఈ నియమాలన్నీ చదువుకుని కార్యాలయానికి వెళ్లాడు. రైస్‌మిల్లులో గుమస్తాగా చేసి మానేసినవాడు. ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు గానీ వీధిలో అందరూ మాస్టారనే అంటారు. భార్య రాజ్యలక్ష్మి పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. కాంబోడియాలో ఉన్న పెద్ద విష్ణ్వాలయం బొమ్మను ఆవిడ ఎప్పుడో ఒక కేలండరులోంచి కత్తిరించి దేవుడి అలమరలో పెట్టుకుంది. నారాయణుడు అంత దూరం వెళ్లి ఉన్నాడు చూశారా, ఒకసారి మనమూ వెళ్లి కనబడి వద్దామండీ అనేది. ఆ కనబడి వచ్చే పని ఒకటి మిగిలిపోయింది.

కిటికీ వెనక కూర్చున్న దొరబాబు అనే కుర్ర గుమస్తా కాగితాలు చూశాడు.

"ఇంట్లో తవర్ని పేరెట్టి పిలిచేవాళ్లెవరండీ?"

"మా ఆవిడుండేదండి."

"ఆవిడ పేరెట్టి పిలిచేవారా?"

"అబ్బే, లేదండి. ఏమండీ అనేది."

"అది చెల్లదండి మాస్టారూ. ఏమండీ అన్నది జిల్లాలో మగాళ్లందరిదీనండి. కిందటేడు ఒకావిడ గిన్నె మూత తీసి అలాగే పిలిచారు. పై అంతస్తాయన, పాలవాడు, టీవీ బాగుచేసే ఆయనా ముగ్గురూ వచ్చేసి కూర్చున్నారు. పోనీ బయట ఎవరైనా?"

"ఆసుపత్రిలో పిలిచారండి." భావనారాయణ కాసేపు ఆలోచించి తనే సవరించుకున్నాడు. "కాదు లెండి. పేషెంటు తాలూకు ఎవరూ అని పిలిచారు. నేను లేచాను."

"వాచ్‌మేను?"

"ఫ్లాటు నంబరుతో పిలుస్తాడండి."

దొరబాబు జాలిపడలేదు. రోజుకి ఇలాంటివి చాలా చూస్తాడు. పేరు నాణ్యత చూడాలి, ఒకసారి నోరు తెరవమన్నాడు. ముందుకు వంగి వాసన చూశాడు.

"ఇప్పటికే పులుపెక్కిందండి. ఇంకొన్నాళ్లాగితే పనికొచ్చేది కాదు."

"నేను ఊళ్లోనే ఉన్నాను కదండీ?"

"ఊళ్లో ఉన్నవాళ్ల పేర్లు మా శాఖ కిందికి రావండి. అవి పులిసినా అడిగేవాడు లేడు. పిలిచే మనిషినీ ఆ మనిషి గిన్నెనీ చూసుకోండి. లేదంటే ప్రయాణం అవదు."

భావనారాయణ ఇంటికొచ్చి వంటింటి అలమర వెతికాడు. పరాయివాళ్ల గిన్నె ఒకటే ఉంది. స్టీలు గిన్నె, మూతతో సహా. అడుగున చుక్కలుగా కొట్టించిన అక్షరాల్లో అచ్చియ్యమ్మ అని ఉంది. ఎదురు ఫ్లాటావిడ. ఒక వరలక్ష్మీ వ్రతం నాడు అందులో పూర్ణం బూరెలు పెట్టి ఇచ్చింది. రాజ్యలక్ష్మి గిన్నె కడిగి బోర్లించి, ఖాళీ గిన్నె ఎలా ఇస్తామండీ, ఆదివారం సున్నుండలు చేసి వేసి ఇద్దాం అంది. ఆ ఆదివారానికి ఆసుపత్రిలో ఉంది.

తర్వాత గిన్నె ఆయన బాధ్యత అయింది. ఆయనకు పప్పూ చారూ తప్ప ఏమీ రావు. బూరెల గిన్నెలో చారు పోసి ఇవ్వడం బాగుండదు. బజారు మిఠాయి పెడితే తమ ఇంటిది అనిపించుకోదు. ఏడాది గడిచింది. ఏడాది ఆలస్యానికి తగినదేదో పెట్టాలి కదా అని ఆగాడు. రెండో ఏడు గడిచేసరికి అంతకన్నా మంచిది పెట్టాల్సి వచ్చింది. ఇక ముఖం చెల్లక, లిఫ్టులో అచ్చియ్యమ్మ ఉంటే మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మాట్లాడటం ఇష్టం లేదు కాబోలని ఆవిడా పలకరించడం మానేసింది. ఇంత దూరం జరగడానికి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మర్నాడు ఆయన గిన్నె పట్టుకుని కార్యాలయానికి వెళ్లి, దొరబాబు చెప్పినట్టు దాని మీదికి వంగి తన పేరు ఒక్కసారి చెప్పాడు. దొరబాబు మూత పెట్టాడు. పన్ను ఊడిన చోట నాలుక తిరిగినట్టు ఆయన నోట్లో ఖాళీ మిగిలింది. చేతికి ఒక కార్డు ఇచ్చారు. పేరు ఉండాల్సిన చోట 'ఒకరు' అని ఉంది. నిబంధన ప్రకారం ఇక్కడి నుంచి మనం కూడా ఆయన్ని ఆయన అనే చెప్పుకోవాలి.

ఎదురింటి తలుపు తీసిన అచ్చియ్యమ్మ ముందు మనిషిని చూడలేదు. గిన్నెను చూసింది.

"ఇది నా గిన్నె కదూ?"

"ఆయ్, మీదేనండి పిన్నిగారూ."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పనిమనిషి మీద అనుమానపడి దాన్ని మాన్పించేశానయ్యా. మళ్లీ అలాంటిది దొరకనేలేదు."

"ఖాళీగా ఎలా ఇవ్వను అని..."

"మరిప్పుడేం పెట్టి తెచ్చావు?"

"నా పేరండి."

అచ్చియ్యమ్మ కళ్లద్దాలు సవరించుకుని మూత ఎత్తి చూసింది.

"భావనారాయణా! నీ పేరు ఇదా? మీ ఆవిణ్ణి ఎన్నిసార్లు అడిగానో. సిగ్గుపడి గోడ మీద వేలితో రాసి చూపించేది. వేలితో రాస్తే నాకేం అర్థమవుద్దీ? సరే, ఇలా తే. పూజ అయ్యాక పిలుస్తాను. పర్లేదా?"

పర్లేదన్నాడు. ఆవిడ ఆయన కన్నా పెద్దది, గొంతు గట్టిది, ఇంట్లో కుక్క లేదు. కార్యాలయం అభ్యంతరం చెప్పలేదు.

పేరు లేకుండా ప్రయాణం చేయడంలో పెద్ద ఇబ్బంది లేదు. హోటల్లో గది నంబరుతో పిలుస్తారు, విమానంలో సీటు నంబరుతో. ఆయనకు అది ఇంటి దగ్గరి అలవాటే. కాంబోడియాలో తాటిచెట్లు చూసి కాస్త కుదుటపడ్డాడు. తెల్లారగట్ల లేచి స్నానం చేసి గుడికి వెళ్లాడు. రాతి గోపురాలు ఎదురుగా కనిపించగానే జేబులోని కేలండరు బొమ్మ తీసి, అది చూసుకుంటుందన్నట్టు, వాటి వైపు తిప్పి కొంతసేపు పట్టుకున్నాడు. చూసినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. అక్కడ అందరూ ఏదో ఒకటి పట్టుకుని గోపురాల వైపే తిప్పుతున్నారు.

పడమటి ద్వారం దగ్గర నిలువెత్తు విష్ణువు ఉన్నాడు. ఎనిమిది చేతులు, భుజాల మీద పసుపు వస్త్రం. కాకినాడ నుంచి వచ్చిన ఆయన చేతులు జోడించి అలవాటు కొద్దీ గోత్రం చెప్పాడు. తర్వాతి మాట దగ్గర నోరు ఆగిపోయింది. దీపాల దగ్గర కూర్చున్న ముసలమ్మ ఒక అగరొత్తి వెలిగించి చేతిలో పెట్టింది. ఎవరు, ఏ ఊరు, ఎవరి పేరున అని ఏమీ అడగలేదు. ఆవిడ దేవుణ్ణి కూడా నారాయణుడు అనడం లేదు, వాళ్ల భాషలో ఇంకేదో అంటోంది. అప్పుడాయనకు ఒక ఆలోచన వచ్చింది. ఈయన కూడా తన పేరు అక్కడెక్కడో దింపి ఇంత దూరం వచ్చినట్టున్నాడు. కాకపోతే ఇంటి దగ్గర ఆ పేరును పొద్దున్నే ఎన్ని వేల నోళ్లో పిలుస్తుంటాయి, పులుస్తుందన్న దిగులు లేదు. అగరొత్తి చివరిదాకా కాలే వరకు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు తాటాకులో చుట్టిన తాటిబెల్లం కొన్నాడు. గిన్నెలోంచి పేరు తీసేసుకుంటే గిన్నె మళ్లీ ఖాళీ అవుతుందని ఆయనకు గుర్తుంది. ఈసారి ఆలస్యం చేయదలచుకోలేదు.

కాకినాడలో దిగేసరికి పొద్దెక్కుతోంది. లిఫ్టు పాడైంది. మెట్లెక్కుతూ పై అంతస్తు మలుపులో ఉండగా, మూత చప్పుడు వినబడి ఆగాడు.

"భావనారాయణా!"

ఆ గొంతు వరండా అంతా తిరిగింది. కిందనుంచి వాచ్‌మేను తల ఎత్తి చూశాడు. మూత వెంటనే పడలేదు.

"వినబడుతోందా? ఈవేళ పాలు విరిగిపోయినయ్యి. కొళాయి ఇంకా రాలేదు. నా మోకాలు నిన్నటికన్నా నయం. ఆ దేశంలో తిండి ఎలా ఉందో ఏంటో నీకు. మంచినీళ్లు కాచుకుని తాగు. సరే మరి, ఉంటాను."

మూత పడింది. ఆయన సంచీ పట్టుకుని మెట్టు మీద అలాగే నిలబడ్డాడు. నిబంధనలో పిలవడం ఒక్కటే ఉంది. మిగిలిన మాటలు ఎక్కడా లేవు. ఊళ్లో ఉన్నంతకాలం ఆయన మంచినీళ్ల గురించి ఎవరూ అడగలేదు.

తలుపు తట్టాడు. అచ్చియ్యమ్మ సంతోషించింది. కుర్చీ వేసింది. బెల్లం చూసి నవ్వింది.

"నాకు షుగరు కదయ్యా, బెల్లం ఏం చేసుకోను? తీసుకెళ్లి చారులో వేసుకో. ఇదుగో, నీ పేరు తీసేసుకో. ఇంక రేపట్నుంచి నాకు ఆ పని ఉండదు."

"వచ్చాక కూడా ఎప్పుడైనా పిలవచ్చు కదండీ?"

"ఎదురుగా ఉన్నవాణ్ణి పనిగట్టుకుని ఎందుకు పిలుస్తానయ్యా? లిఫ్టు దగ్గర కనబడితే బాగున్నావా అంటాను." ఆవిడ ఇందులో కటువుగా ఏమీ అనలేదు. అందరం అనేదే అంది.

ఆయన మూత కొద్దిగా ఎత్తి చూశాడు. పులుపు వాసన లేదు. పేరు తోమిన గిన్నెలా నిగనిగలాడుతోంది, అచ్చియ్యమ్మ గొంతు అంచుల్లో అంటుకుని ఉంది. తీసి నోట్లో వేసుకోవడం క్షణం పని. ఆయన మూత పెట్టేశాడు.

"పిన్నిగారూ, గిన్నె మీరే ఉంచుకోండి."

"మరి నువ్వు?"

"నేనింకా రాలేదండి."

అచ్చియ్యమ్మ ఎండకు కమిలిన ఆయన ముఖాన్ని, విమానం చీటీ వేలాడుతున్న సంచీని, బెల్లం పొట్లాన్ని చూసింది. తర్వాత గిన్నె తీసుకెళ్లి దేవుడి పీట పక్కన పెట్టి వచ్చింది.

"సరే. వచ్చినప్పుడు చెప్పు," అంది.

కార్యాలయానికి వెళ్లి గడువు పొడిగించమని అడిగితే దొరబాబు ఎందుకని అడగలేదు. ముద్ర వేసి ఇచ్చాడు. తమ కాగితాల ప్రకారం విదేశాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఇళ్లల్లోనే ఉన్నారని, అది ఈమధ్య మామూలైపోయిందని చెప్పాడు. అలాంటివాళ్లకు కొన్ని సూచనలు కూడా ఇచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడవకూడదు. పిలుపు అయ్యేవరకు దీపం వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పిలిచినప్పుడు పలకకూడదు. పలికితే వచ్చేసినట్టు లెక్క.

మర్నాడు పొద్దున్న ఆయన స్నానం చేసి, చెప్పులు లోపల పెట్టుకుని, మూసిన తలుపు వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. వంటింటి అలమరలో గిన్నె ఆరేళ్లు బోర్లించి ఉన్న చోట గుండ్రటి మచ్చ ఉంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి వచ్చాడు. ఎదురింట్లో పూజ గంట మోగి ఆగింది. తలుపు తీసిన చప్పుడు, మూత తీసిన చప్పుడు.

"భావనారాయణా!"

ఆయన పెదవులు కదిలాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు.

"వినబడుతోందా? ఈవేళ పాలు బాగున్నయ్యి. ఇంకో మాట. మీ ఆవిడ నా గిన్నె పంపించేసింది. ఖాళీగా పంపలేదు."