కోడి మెడలో మైకు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక సముద్రం మీద గొణుగుతూ ఉంది. సెవెరోకు ఆ గొణుగుడు వినిపించలేదు. ఏళ్ల తరబడి చేపల పడవ ఇంజను పక్కన కూర్చుని పోగొట్టుకున్న చెవికి కిందటేడు ఆపరేషన్ చేసి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే అది బంగారంలా పనిచేసేది. గోలలో మాత్రం నలుగురి మాటలూ కలిసి జావ అయిపోయేవి.

ఆరోజే పెళ్లికొడుకు తరఫువాళ్లు వంటల గిన్నెలతో సెవెరో కూతురు లుమెన్‌ని అడగడానికి వస్తున్నారు. పక్కింట్లో అప్పుడే కరవోకే పాటల గోల మొదలైంది.

"ఇది పెళ్లికొడుకు పెదనాన్న మెడలో వెయ్యి నాన్నా. ఎంత గోలున్నా ఆయన మాట నేరుగా నీ చెవిలో పడుతుంది. ఎందుకో కూడా చెప్పు," అంటూ లుమెన్ తాడు కట్టిన చిన్న మైకు చేతిలో పెట్టింది.

"చెప్పను. చెవిటాడితో వియ్యమేంటి అనుకుంటారు." సెవెరో టోపీని చెవుల మీదికి లాక్కున్నాడు.

పెళ్లికొడుకు పెదనాన్న ఇలుమినాదో చంకలో పందెంకోడితో మెట్లెక్కాడు, వెనక ఆయన భార్య, పెళ్లికొడుకు. చర్చికి తప్ప ఆ కోడి లేకుండా ఎక్కడికీ కదలడు. సెవెరో మైకు ఆయన మెడలో వేసి, "ఇదుంటే అంతా మంచే జరుగుద్ది," అని ఊరుకున్నాడు.

ఇలుమినాదో కళ్లు చెమర్చాయి. తాయెత్తు! ఇంత గొప్పది తనకెందుకు? భక్తిగా దాన్ని ముద్దుపెట్టుకున్నాడు. సెవెరో చెవిలో పిడుగు పడింది. ఇలుమినాదో దాన్ని తీసి కోడి మెడకు కట్టి, కోడిని గుంజకు కట్టేశాడు.

"అన్నగారూ, మీ పిల్లని మా ఇంటికిస్తారా?" అని అడిగాడు.

సెవెరోకు పెదాలు కదలడం కనిపించింది. వినిపించింది మాత్రం కోడికూత. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మనం తెచ్చింది చాల్లేదు కాబోలు," అన్నాడు ఇలుమినాదో భార్యతో. "పెళ్లివిందుకి పంది మాదే!"

కూత. సెవెరో మొహం చిట్లించాడు.

"మీ ఇంటికి కొత్త రేకులు కూడా!"

కూత.

"సరే, నా పడవ!"

కోడి రెక్కలు టపటపలాడించింది. సెవెరో కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

పెళ్లికొడుకు ఏడుపుమొహం పెట్టాడు. ఇలుమినాదో కాసేపు సముద్రం వైపు చూసి, కోడిని విప్పి తెచ్చి సెవెరో ఒళ్లో పెట్టాడు. "ఇక నా ప్రాణమొక్కటే మిగిలింది. ఇదిగో, తీసుకోండి."

ఆ మాట సగంలో ఉండగానే కోడి గొంతెత్తింది. సెవెరో దాన్ని భార్య పిలార్ చేతిలో పడేశాడు. "ముందు దీని నోరు మూయించవే!"

కూతలు ఆగాయి. కొంతసేపటికి వంటింట్లో నీళ్లు మరిగే చప్పుడు, ఆపైన మైకులో లుమెన్ గొంతు సెవెరో చెవిలో పడ్డాయి.

"నాన్నా! మైకు కోడికెందుకు కట్టారు? పాపం ఆయన పడవ దాకా ఇస్తానన్నాడట. ఏమీ వద్దని చెప్పి ఒప్పుకో!"

సెవెరో టోపీ తీసి, చెవి వెనక యంత్రం చూపించి, సంగతంతా చెప్పేశాడు. "పిల్లనిస్తున్నాను బావగారూ. పంది వద్దు, పడవ వద్దు. మీ కోడిని కూడా మీరే తీసుకెళ్లండి."

ఇలుమినాదో ఆయన్ని కావలించుకుని ఏడ్చేశాడు. "వినపడకపోతే ఏంటండీ! మా ఆవిడ చెవులు రెండూ బాగానే ఉన్నాయి, ఏం లాభం?"

అప్పుడే పిలార్ మునగాకు వేసిన కోడిపులుసు తెచ్చి మధ్యలో పెట్టింది.

"నోరు మూయించమన్నారుగా," అంది.

పక్కింట్లో కరెంటు పోయి కరవోకే ఆగింది. అందరూ తలలు వంచుకుని తిన్నారు. మెడముక్కను ఎవరూ ముట్టుకోలేదు.

ఆ నిశ్శబ్దంలో సెవెరో చెవి బంగారంలా పనిచేసింది; ప్రతి చప్పుడూ వినిపించింది, ఇలుమినాదో ముక్కు ఎగబీల్చుకోవడంతో సహా.