ఇమానలీ పుస్తకం మాయమైన కేసు

బిష్కెక్‌లో దొంగలకి కంటి మీద కునుకు లేదంటే దానికి కారణం నేనే. కెంజెబెక్ అంటే మాటలా? ఇరవై రెండేళ్లు ట్రాలీబస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన కళ్లివి. ఈ మాట నేను తప్ప ఇంకెవరూ అనలేదు, అది వేరే సంగతి.

ఆ ఉదయం ఇమానలీ బైకే ఫోన్ చేశాడు. నాకు అన్న వరస, అందుకే బైకే అంటాను. కళాకారుడు, కాకపోతే అదో రకం. మంచుతో గుడారం కడతాడు, కరిగిపోతుంది. కొండ మీద ఉప్పుతో దారి పోస్తాడు, గొర్రెలు నాకేస్తాయి. నలభై ఏళ్ల పనికి మిగిలింది ఫొటోలే. వాటిని అంటించి, పక్కన తన చేత్తో రాసి, ఓ పుస్తకం చేశాడు. ఉన్నది ఒకటే ప్రతి. మధ్యాహ్నం అచ్చుకి వెళ్లాలి. అదే కనబడటం లేదట.

"అది పోతే నేనసలు ఏమీ చెయ్యనట్టేరా కెంజే," అన్నాడు. నాకు నిజంగానే జాలేసింది.

వెళ్లగానే ఆయన కోడలు ఐజాదా నన్ను గుమ్మానికి ఎదురుగా, పెద్ద అతిథుల చోట, బొంతల మీద కూర్చోబెట్టింది. ముందు టీ పెట్టింది, నూనెలో వేయించిన పిండి ముక్కలు, బొర్సోక్‌లు పోసింది. కూర్చున్న చోటి నుంచే పరిశోధన మొదలుపెట్టాను. మేధావికి కాళ్లతో పనేముంది?

"ఇంటికి ఎవరెవరు వచ్చారు?"

"మీరే చిన్న మావయ్యా. ఈ వారంలో ఇంకెవరూ రాలేదు."

"అయితే ఇంటి దొంగే. నా కళ్లలోకి చూడవేం అమ్మాయ్?"

"చూస్తే కోడలికి పొగరంటారు. చూడకపోతే మీరు దొంగంటున్నారు."

ఆ ప్రశ్న అక్కడితో వదిలేశాను. నా పక్కనే టీ నీళ్లు కాచే సమోవార్ నుంచి చుక్క చుక్కగా నీళ్లు పళ్లెంలో పడుతూ ఆలోచన చెడగొడుతున్నాయి. చెయ్యి చాపి కుళాయి బిగించాను.

ఇమానలీ బైకే నా వంక అదోలా చూశాడు. "పదకొండు రోజులుగా కారుతోందిరా అది. నా కొత్త పని. పేరు 'ఓర్పు'."

"పూర్తయింది లెండి మావయ్యా," అంది ఐజాదా.

చెవులు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు. "నిన్ను పిచ్చివాడని పేపర్లో రాసిన ఆ విమర్శకుడు ఎక్కడ?"

"పోయి ఆరేళ్లయింది."

"అందుకే ఎవరూ అతన్ని అనుమానించరు!"

ఇలా రెండు గంటలు గడిచాయి. అచ్చుయంత్రం నడిపే సోల్తోబాయ్ పుస్తకం కోసం రానే వచ్చాడు. ఎనభై రెండేళ్ల మనిషి. అంత పెద్దాయన గుమ్మంలో నిలబడితే నేను పై చోట ఎలా కూర్చుంటాను? గబగబా కిందికి జరగబోయాను. కాళ్లు తిమ్మిరెక్కి బొంతతో సహా జారాను. బొంత అడుగున పుస్తకం ఉంది.

ఇమానలీ బైకే నుదురు కొట్టుకున్నాడు. "అట్ట పైకి లేస్తోందని బొంతల బరువుకి నేనే పెట్టాను. మర్చేపోయాను."

"ఇల్లంతా వెతికాను చిన్న మావయ్యా," అంది ఐజాదా. "మిగిలింది ఆ చోటొక్కటే. అతిథిని లెమ్మని ఎలా అంటాను?"

అట్ట చక్కగా అతుక్కుంది. బైకే ఒక్కో పేజీ తిప్పి చూసుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. నేను బూట్లు తొడుక్కుంటుంటే పిలిచాడు.

"నలభై ఏళ్లలో నా పని దగ్గర ఎవరూ రెండు నిమిషాలు నిలబడలేదురా కెంజే. నువ్వు రెండు గంటలు కూర్చున్నావు."