చిక్కన్న గదిలో ఫ్యాను వంచిందెవరు?

“ఈ భూమండలంలో పదునైన బుర్రలు రెండే ఉండాయక్కా. ఒకటి నేరగాడిది, ఇంకోటి నాది!” అని ప్రకటించాడు రామాంజినేయులు, పంక్చరైన సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ.

“మూడోది నాది. అది పొద్దున్నుంచి పగిలిపోతా ఉండాది,” అంది వాళ్లక్క హొన్నూరమ్మ. “ముందు చెప్పేది ఇనుకోప్పా.”

పావగడలో రామాంజినేయులుకు సైకిల్ షాపు పేరుకే. అసలు వృత్తి నేరపరిశోధన అని అతని నమ్మకం. బస్టాండు దగ్గర బాడుగకు తెచ్చుకున్న డిటెక్టివ్ పుస్తకాలు చదివీ చదివీ, చివరికి ఒక నల్ల రెయిన్ కోటు కూడా కొన్నాడు. కొన్నప్పటి నుంచి తాలూకాలో వాన లేదు. అయినా మండుటెండలో అది తొడుక్కునే తిరిగేవాడు. మొన్న ఎవరిదో మేక తప్పిపోతే ఆ కేసు పట్టాడు. మేక తనంతట తనే ఇంటికొచ్చి పడుకుంది. దాన్ని వెతకబోయిన డిటెక్టివ్ తప్పిపోతే ఊళ్లోవాళ్లు వెతికి తెచ్చారు.

ఇలాంటివాడి దగ్గరికి హొన్నూరమ్మ వచ్చిందంటే, ఆమెకు ఆ ఊళ్లో ఇంకెవరూ లేకనే.

మనవరాలి పుట్టెంట్రుకలు తీయించడానికి అరసికెరె నుంచి కూతురితో కలిసి వచ్చిందామె. ఎటూ వచ్చాం కదా అని, తమ్ముడి మకాం షాపులోనే కాబట్టి, బస్టాండు వెనక చిక్కన్న మేడ మీద గది బాడుగకు తీసుకుని రెండు రోజులు సరదాగా ఉన్నారు. కొండెక్కారు, బొరుగులు తిన్నారు, గాజులు వేయించుకున్నారు. చివర్లో హొన్నూరమ్మ సొసైటీలో విత్తనం శెనక్కాయల మూట కూడా తీసుకుంది. కూతుర్నీ పిల్లనూ బస్సెక్కించి వచ్చి గది తాళం ఇవ్వబోతే, చిక్కన్న వేలెత్తి పైకి చూపించాడు. ఫ్యాను మెడ పట్టేసినట్టు ఒక పక్కకు వంగి ఉంది. “దానికి ఉయ్యాల కట్టి వంచినారు. కొత్త ఫ్యాను కొనిచ్చి మూట తీసుకుపో,” అని మూటను తన సామాన్ల గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు.

పడమర మబ్బు కమ్ముతోంది. ఈ వానకు విత్తనం పడకపోతే ఈ యేడు కూడా చేను బీడే. ఇంకో మూట కొనే తాహతు ఆమెకు లేదు.

“అర్థమైంది. ఇది మామూలు ఫ్యాను కాదు, పన్నాగం!” అన్నాడు రామాంజినేయులు గుండీలు పెట్టుకుంటూ.

“పన్నాగమో పడగో, నా మూట నాకు ఇప్పియ్యి చాలు. పద.”

గదిలో చిక్కన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఈయన ఎవరు? వాన లేకుండా కోటేంది?”

“అజ్ఞాతవాసి,” అన్నాడు రామాంజినేయులు గొంతు తగ్గించి.

“నువ్వు సైకిల్ షాపు రామాంజి కదా? పోయిన వారం నా బండికి వేసిన పంక్చర్ మళ్లీ పోయింది.”

డిటెక్టివ్ అది విననట్టు నేలమీద పాకడం మొదలుపెట్టాడు. మంచం కింద దూరి, బూజు తలకు చుట్టుకుని, విజయగర్వంతో బయటికి వచ్చాడు. అతని వేళ్ల మధ్య ఒక శెనక్కాయ.

“దొరికింది! నేరగాడు శెనక్కాయలు తినేవాడు!”

“పావగడ తాలూకాలో తిననివాణ్ణి చూపించప్పా,” అంది హొన్నూరమ్మ.

“అయితే తాలూకా మొత్తం అనుమానితులే!” అని ఆలోచిస్తూ, ఆలోచనలోనే కాయను చిట్లించి, గింజలు నోట్లో వేసుకున్నాడు.

“సాక్ష్యం మింగినావు కదరా!”

“కడుపులో భద్రంగా ఉండాదక్కా. ఎవరూ తారుమారు చేయలేరు.” చిక్కన్న వైపు తిరిగాడు. “ఉయ్యాల కట్టడం మీరు కండ్లారా చూసినారా?”

“చూడాల్నా? చిన్నపిల్ల ఉండాది. చీర ఉండాది. ఫ్యాను వంగుండాది.”

“దానికి మూడేండ్లు!” అంది హొన్నూరమ్మ. “ఉయ్యాల్లో వేస్తే అదే దిగొచ్చి నన్ను ఊపుతాది. అయినా రెండు దినాలూ కరెంటే లేదు. చాటతో విసురుకున్నాం. ఆ ఫ్యాను ముఖం మేము చూసిందెప్పుడు?”

“కరెంటు లేదు!” డిటెక్టివ్ కళ్లు మెరిశాయి. “అంటే నేరం చీకట్లో జరిగింది. నేరగాడు స్విచ్ ఇట్లా వేసినాడు, వెలగలేదు. ఇట్లా వేసినాడు, వెలగలేదు...” అని గోడమీది స్విచ్‌లన్నీ టపటపా వేసి, వేసినవి వేసినట్టే వదిలేశాడు. కోటు జేబులోంచి ముఖం పౌడరు డబ్బా తీశాడు. “ఇప్పుడు ఫ్యాను రెక్కల మీద వేలిముద్రలు తీస్తా.”

“అది నా బిడ్డ పౌడరు! నా సంచిలోంచి ఎప్పుడు ఎత్తుకొచ్చినావురా?”

“విజ్ఞానశాస్త్రం కోసమక్కా!” అని మంచమెక్కి, డబ్బా మొత్తం రెక్కల మీద కుమ్మరించాడు.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది.

వంకర ఫ్యాను గర్రుమని లేచింది. అపరాధ పరిశోధకుడు “అమ్మో!” అని మంచం మీంచి దూకి నేరుగా చిక్కన్న మీద పడ్డాడు. గదంతా తెల్లటి పొగ. ఆ పొగలోంచి టపటపటపమని వడగళ్లలాగా ఏవో వచ్చి పడ్డాయి. ఒకటి చిక్కన్న నుదుటికి, ఇంకోటి అతని పంటికి తగిలింది. శెనక్కాయలు! గోడలకు కొట్టుకుని, కిటికీలోంచి దూరి, మెట్ల మీద కూడా దొర్లాయి.

“అజ్ఞాత శత్రువు కాల్పులు జరుపుతున్నాడు! అందరూ పడుకోండి!” అని అరిచాడు రామాంజినేయులు, తను అప్పటికే పడుకుని.

కింద వాకిట్లో కూర్చున్న చిక్కన్న తల్లి దొడ్డమ్మ ముందర పడ్డాయి నాలుగు కాయలు. ఆమె కొంగులో వాటిని ఏరుకుంటూ మెట్లెక్కి వచ్చింది. పొగలో ఎవరున్నారో చూసుకోలేదు, కొడుకు దగ్గు వినిపిస్తే చాలనుకుంది.

“ఒరే చిక్కా! ఎలుకలకు భయపడి మన ఇత్తనం మూట ఫ్యానుకు కట్టొద్దని పోయిన నెలలోనే చిలక్కు చెప్పినట్టు చెప్పినానా లేదా? మూట బరువుకు ఫ్యాను వంగిపాయె. మూటకు చిల్లిపడి కాయలన్నీ రెక్కల మీద పాయె! ఎవరికన్నా గది ఇచ్చేముందు బాగు చేయించమంటే, చేయించినానని నాతో అబద్ధం కూడా చెప్తివి!”

గదిలో ఫ్యాను కూడా సిగ్గుపడినట్టు మెల్లగా ఆగింది. మళ్లీ కరెంటు పోయింది.

పౌడరు తగ్గింది. తెల్లటి ముఖంతో చిక్కన్న, పక్కనే తెల్లటి ముఖంతో డిటెక్టివ్. హొన్నూరమ్మ మాత్రం గుమ్మంలో నల్లగా, నిటారుగా నిలబడి ఉంది.

“తాళంచెవి,” అంది చెయ్యి చాపి.

దొడ్డమ్మకు విషయం అర్థమైంది. కొడుకు జేబులోంచి తాళంచెవి తనే లాగి ఆమె చేతిలో పెట్టింది. “ఏమనుకోవద్దమ్మా. ఈ ఏరుకున్న కాయలు కూడా నీ మూటలోనే వేసుకో. వీడు తినడానికి వీల్లేదు.”

“చూసినావా అక్కా! నేను మొదట్నుంచీ ఈయన్నే అనుమానించినా,” అన్నాడు రామాంజినేయులు దగ్గుతూ.

“మొదట్నుంచీ తాలూకాను అనుమానించినావు. మూట పట్టు.”

బస్టాండు చేరేలోపే ఆకాశం ఫెళ్లుమంది. రెండేండ్ల బాకీ అంతా ఒక్కసారి తీర్చేటట్టు చినుకులు మొదలయ్యాయి. రామాంజినేయులు ఆనందంగా రెయిన్ కోటు కాలరు పైకెత్తాడు.

“ఇప్పు,” అంది హొన్నూరమ్మ.

“అక్కా! ఈ ఒక్క దినం కోసమే కదా దీన్ని...”

“ఇత్తనం తడిస్తే మొలకొస్తాది. నువ్వు తడిస్తే ఏమొస్తాది? ఇప్పు!”

మూట కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, బస్సు లోపల పొడిపొడిగా అరసికెరెకు పోయింది. డిటెక్టివ్ పౌడరు కారుతూ షాపుకు పోయాడు.

మర్నాడే విత్తనం పడింది. సాళ్లలో గింజలు పెళ్లగించే కాకుల కోసం హొన్నూరమ్మ ఆ కోటును చేను మధ్య కర్రకు తొడిగింది. ఆ యేడు ఆ కోటును చూసి పారిపోని దొంగ లేడు. లోపల రామాంజినేయులు లేకపోవడమే దానికి కలిసొచ్చిందని హొన్నూరమ్మ అందరికీ చెప్పేది. తమ్ముడు కోటు అడిగినప్పుడు మాత్రం, “అది డ్యూటీలో ఉండాదిలేప్పా,” అని ఒక తట్ట పచ్చి శెనక్కాయలు పంపించేది.