మా కళాశాల గర్వించే ధర్నా

రబాత్ నగర ప్రజలకూ, పూర్వ విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ సంతోషంతో తెలియజేయడమేమనగా, మా విశ్వవిద్యాలయ వ్యాపార నిర్వహణ కళాశాల వారి ఈ ఏటి విజయాల సంచిక వెలువడింది. ముఖచిత్రం మీద డీన్ బెన్‌జక్కూర్ గారు నవ్వుతున్నారు. రెండో పేజీలో కూడా ఆయనే, కాస్త తక్కువగా నవ్వుతున్నారు. మూడో పేజీలో "పూర్వ విద్యార్థులు నెలకొల్పిన ఉత్తమ సంస్థ" అన్న శీర్షిక కింద, పార్లమెంటు ఎదురుగా కాలిబాట మీద పసుపు చొక్కాలతో కూర్చున్నవాళ్లం మేము. ఎడమ చివర బ్యానరు కర్ర పట్టుకున్నది నేను. ముఖం కర్ర వెనక్కి పోయింది గానీ చేతుల్ని బట్టి మా నాన్న గుర్తుపట్టాడు.

సంస్థ పేరు నిరుద్యోగ పట్టభద్రుల సంఘం. విషయం తెలియనివాళ్లు ధర్నా అంటారు.

మా కళాశాల వాళ్లు ఇంతకుముందు సంస్థలు పెట్టలేదని కాదు. ఒకాయన పెట్టిన ఆర్గాన్ గింజల నూనె దుకాణం ఒక వేసవి నడిచింది. ఇంకొకాయన ఫోన్ల మరమ్మతు కొట్టు పెడితే, సొంత ఫోను తప్ప బాగుచేయడానికి మరొకటి రాక మూసేశాడు. ధర్నా మాత్రం తొమ్మిదేళ్లుగా ఒక్క పూట మూతపడలేదు. ఏటా సిబ్బంది పెరుగుతున్నారు. నినాదాలకో విభాగం, బ్యానర్లకో విభాగం, స్పృహ తప్పిపడేవాళ్లని మోసుకెళ్లడానికి మరో విభాగం ఉన్నాయి. ముడిసరుకుకి లోటు లేదు. ప్రతి జూన్‌లోనూ కళాశాల వారే క్రమం తప్పకుండా సరఫరా చేస్తారు.

నా పేరు బుషైబ్. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. నది అవతల సాలే పాతబస్తీలో మా నాన్న హమ్మాంలో, అంటే పేట ఉమ్మడి స్నానాలశాలలో, కొలిమి మండిస్తాడు. పైన పేటంతా వేడినీళ్లు పోసుకుని అల్లాను తలుచుకుంటుంటే, కింద గుంటలో కూర్చుని రంపపు పొట్టు ఎగదోస్తుంటాడు. ఆ పొగకి ఆయన కళ్లు ఎప్పుడూ చింతనిప్పులే. ఇంకొన్ని చలికాలాలు ఆ గుంటలోనే గడిపితే చూపు నిలవదని డాక్టరు చెప్పాడు. నాన్న శ్రద్ధగా విని, "మావాడు కుర్చీ ఎక్కిన రోజున నేను గుంట ఎక్కి వచ్చేస్తా డాక్టరు గారూ" అన్నాడు. కనుక నాకు కావలసింది ఒక కుర్చీ. ఏ శాఖదైనా పర్లేదు.

మా దగ్గర ప్రభుత్వ కుర్చీకి దారి ధర్నా మీదుగానే పోతుంది. ఎవరు ఎంత నిష్ఠగా బైఠాయిస్తే వాళ్లకి అంత ముందు పిలుపు. తరగతికి రాకపోయినా పట్టా ఇస్తారు గానీ, ధర్నాకి రాకపోతే వరసలో వెనక్కి నెట్టేస్తారు. అందుకని పట్టా చేతికందిన మర్నాడే వెళ్లి చేరదామనుకున్నాను. ఇంటర్వ్యూ ఉందన్నారు.

అధ్యక్షుడు మిలూద్ అన్న సంస్థ పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. కాలిబాట అంచున కూర్చుని నా పత్రాలు చూశాడు.

"అనుభవం?"

"ఇప్పుడే పాసయ్యానన్నా. మొదటి ర్యాంకు."

"ర్యాంకు ఎవడడిగాడు తమ్ముడూ? నిరుద్యోగంలో అనుభవం ఎంత?"

"నిన్నటి నుంచి."

పక్కనున్న నినాదాల విభాగం అధిపతి ఇక్రామ్ అక్క పెదవి విరిచింది. "మరీ పచ్చికాయ. ఎక్కడైనా పని చేశావా? దాచకుండా చెప్పు."

"సెలవుల్లో మేనమామ కొట్లో ఆలివ్ కాయలు అమ్మానక్కా."

"అదిగో! చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉన్నాడనుకున్నా."

చివరికి నా ర్యాంకు క్షమించి, శిక్షణ నిరుద్యోగిగా తీసుకున్నారు. శిక్షణ కాలమంతా బ్యానరు ఎడమ కర్ర. కుడి కర్ర పదోన్నతి మీద వస్తుంది.

నాన్న ఆ సాయంత్రమే హమ్మాంలో చెప్పేశాడు, మావాడికి పార్లమెంటు దగ్గర పని దొరికిందని. ఒళ్లు రుద్దే అల్లాల్ మామ ఊరుకునే మనిషి కాదు.

"లోపలా, బయటా?"

"బయటే. గాలి బాగా ఆడుతుందట."

"అయితే నీ కొడుకు గాలి మేస్తాడు, నువ్వు పొగ మింగుతావు. ఇంటికి బియ్యం, పిండి బెంగే లేదు పో!"

నాన్న నవ్వేశాడు. ఆయనకి ఆ మాట ఆశీర్వాదంలాగే వినిపించింది.

పూర్వ విద్యార్థుల మధ్య ఆత్మీయతకి మా సంస్థ పెట్టింది పేరు. మమ్మల్ని తరిమే పోలీసు దళానికి అధికారి కూడా మా కళాశాల సాయంత్రం బ్యాచ్ వాడే. లాఠీ ఎత్తే ముందు దగ్గరికొచ్చి, "మిలూద్ అన్నా, ఇవాళ కాస్త తొందరగా పరుగెత్తండి. మా పాప పుట్టినరోజు, కేకు తీసుకెళ్లాలి" అంటాడు. "అలాగేరా అబ్బాయ్, మోకాళ్ల జోలికి మాత్రం రాకు, మొన్నటి వాపే తీయలేదు" అంటాడు మిలూద్ అన్న. సంచికలో ఈ సందర్భాన్ని పూర్వ విద్యార్థుల సమ్మేళనంగా నమోదు చేశారు. కొట్టినవాడూ మావాడే, తిన్నవాడూ మావాడే, హాలు అద్దె కలిసొచ్చింది.

ఇలా సాఫీగా సాగుతుండగా కళాశాలకి గండం వచ్చింది. పూర్వ విద్యార్థుల సంస్థ ఒక్కటైనా అయిదేళ్లు దాటి బతికి ఉండాలనీ, లేకుంటే కళాశాల గుర్తింపు రద్దనీ పైనుంచి తాఖీదు దిగింది. త్వరలో కమిటీ వచ్చి కళ్లారా చూస్తుందట. డీన్ గారు ఊరంతా గాలించారు. చివరికి సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు అద్దంలోంచి మేం కనిపించాం. ఆయన కళ్లు చెమర్చాయని డ్రైవరు చెప్పాడు.

సరిగ్గా అదే వారం ప్రభుత్వం వారు మాకు కబురు పెట్టారు. పసుపు చొక్కాల వాళ్లందరికీ ఉద్యోగాలు సిద్ధం. షరతు ఒక్కటే. సంఘం మొత్తం ఒప్పుకుని ధర్నా ఎత్తేయాలి. నేను వెంటనే హమ్మాంకి ఫోన్ చేశాను.

"నాన్నా, కుర్చీ వచ్చేలా ఉంది."

అవతల నాన్న పార కింద పెట్టిన చప్పుడైంది. "వెనక ఆనుకునేదేనా?" అన్నాడు.

సాయంత్రానికి డీన్ గారు రొప్పుతూ కాలిబాట మీదికి వచ్చారు. పట్టా ఇచ్చాక ఆయన మమ్మల్ని పలకరించడం అదే మొదలు.

"బిడ్డలారా! చెమటోడ్చి నిలబెట్టిన సంస్థని మొదటి బేరానికే అమ్ముకుంటారా? ఉద్యోగం ఎవడైనా చేస్తాడు. నిరుద్యోగాన్ని ఇంత క్రమశిక్షణతో నడపడం ఎవరి తరం? మీరంతా ఆఫీసుల్లో దూరిపోతే, రాబోయే తరం నిరుద్యోగులకి దిక్కెవరు? చరిత్ర మిమ్మల్ని గుమాస్తాలుగా గుర్తుంచుకోవాలా, వ్యవస్థాపకులుగానా?"

చప్పట్లు మోగాయి. మిలూద్ అన్న గడ్డం నిమురుకున్నాడు. ఇక్కడ ఆయన మాట మీద కాలిబాటంతా లేస్తుంది, కూర్చుంటుంది. అక్కడ చేరితే పై అధికారి వచ్చినప్పుడల్లా తానే లేవాలి. ఇక్రామ్ అక్క, "ఆ ఆఫీసులో నినాదాల విభాగం ఉందా?" అని ఆరా తీసింది. లేదని తెలిసి నిట్టూర్చింది.

నేను కర్ర పట్టుకునే లేచి నిలబడ్డాను. "అన్నా, మా నాన్న కళ్లు పోతున్నాయి. ఒప్పుకుందాం."

"శిక్షణలో ఉన్నవాడివి తమ్ముడూ" అన్నాడు మిలూద్ అన్న, కోపం లేకుండానే. "ఇంటి సంగతులు సంస్థలోకి తేకూడదు. ఇది మొదటి ఏడాది పాఠమే గదా."

పాఠం నిజమే. పరీక్షలో దానికి నాకు పూర్తి మార్కులు వచ్చాయి కూడా.

చేతులెత్తమన్నారు. ఉద్యోగాలకి అనుకూలంగా రెండు చేతులు లేచాయి. ఒకటి నాది. రెండోది పుదీనా టీ అమ్మేవాణ్ణి పిలవడానికి లేచిందని తర్వాత తేలింది. ఆ విధంగా మా సంస్థ ప్రభుత్వ ప్రతిపాదనను సగౌరవంగా తిప్పికొట్టింది.

కమిటీ వచ్చింది. వాళ్ల కోసం కళాశాల నుంచి కుర్చీలు తెప్పించి కాలిబాట మీద వేశారు. బాదం మిఠాయిలు పెట్టారు. విభాగాలన్నీ చూపించారు. పోలీసు అధికారి ఆ రోజు ప్రత్యేకంగా ఇస్త్రీ బట్టల్లో వచ్చి, చూడముచ్చటగా తరిమాడు. అంతా ముగిశాక కమిటీ పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని ఒక్క ప్రశ్న వేశాడు.

"సంస్థకి ఆదాయం లేదు గదా. మరి ఇన్నేళ్లుగా పెట్టుబడి ఎవరిది?"

డీన్ గారు మిలూద్ అన్న వైపు చూశారు. మిలూద్ అన్న ఇక్రామ్ అక్క వైపు చూశాడు. ఇక్రామ్ అక్క బ్యానరు వైపు చూసింది. బ్యానరు నా చేతిలో ఉంది. పెద్దవాళ్లు అడిగితే ఉన్నమాట చెప్పాలని మా ఇంట్లో నేర్పారు.

"మా నాన్నదండీ" అన్నాను. "నా ట్రామ్ టికెట్టు, రొట్టె, ఈ చొక్కా, అన్నీ ఆయన కొలిమిలోంచి వచ్చినవే. మిలూద్ అన్నకి వాళ్లమ్మ పంపుతుంది, ఈ వయసులో కూడా సార్డీన్ల ఫ్యాక్టరీలో చేపల తలలు తీసి. ఇక్రామ్ అక్క వాళ్ల నాన్న పింఛను వచ్చాక మళ్లీ కాపలా పనికి కుదిరాడు. ఇక్కడ అందరిదీ అంతేనండీ."

మిలూద్ అన్న తల వంచుకున్నాడు. ఇక సంస్థ కూలినట్టేననీ, మళ్లీ చేతులెత్తమంటారనీ ఆశపడ్డాను.

కమిటీ పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అమోఘం! అప్పు లేదు, వడ్డీ లేదు. లాభం అడగరు, లెక్క అడగరు, కనీసం కోప్పడరు. ఇలాంటి పెట్టుబడిదారులు ఏ దేశంలో దొరుకుతారు?"

గుర్తింపు పొడిగించారు. ఈ పెట్టుబడిదారులు మధ్యలో తప్పుకోబోమని హామీ ఇవ్వాలని మాత్రం రాశారు.

వెంటనే పెట్టుబడిదారుల దినోత్సవం జరిపారు. ఆ రోజు నాన్న తను కాచిన నీళ్లతో తనే మొదటిసారి పైన స్నానం చేశాడు. అల్లాల్ మామ డబ్బు తీసుకోకుండా ఒళ్లు రుద్దాడు గానీ, గోళ్లలో మసి వదల్లేదు. పండగ జెల్లాబా అంగీ వేసుకుని వచ్చిన నాన్నని డీన్ గారు కావలించుకుని, "స్వాగతం హాజీ!" అన్నారు. మక్కా మొహం ఎరగని నాన్న, హాజీ ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాడు. బంగారు అంచు పత్రాలు పంచారు. మిలూద్ అన్న తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీంతో బస్సు ఎక్కనిస్తారా నాయనా?" అని అడిగింది.

హామీ కాగితం మీద వేలిముద్ర వేసే ముందు నాన్న గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మావాడు కుర్చీ ఎక్కితే నేను గుంటలోంచి వచ్చేద్దామనుకున్నా. కళ్లు ఆగేలా లేవు."

డీన్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "తమరిప్పుడు కూలీ కాదు హాజీ, పెట్టుబడిదారు. తమరు తప్పుకుంటే ఎవరి సంస్థ కూలుతుంది? తమ అబ్బాయిదేగా?"

నాన్న ఆలోచించాడు. "అలాగైతే మావాడికి నష్టం రాకూడదు" అని వేలిముద్ర వేశాడు. నేనేదో అనబోయాను. ఫోటో కోసం కదలొద్దన్నారు.

ఆ సాయంత్రమే మళ్లీ గుంటలోకి దిగాడు. పత్రాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసి, నాకిచ్చి చదవమన్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. నా చదువు మా ఇంట్లో ఒక పనికి ఉపయోగపడటం అదే మొదలు.

ప్రస్తుతం నేను కుడి కర్ర పట్టుకుంటున్నాను. కొత్త ప్రవేశాలు మొదలయ్యాయి, ఎడమ కర్రకి పోటీ బాగా ఉంది. ఇది చదివి నవ్వుకుంటున్న పెద్దలకి ఒక మనవి. మీ ఇంట్లో కూడా పట్టా పుచ్చుకున్న పిల్లలు ఉంటే, తమరూ మా పెట్టుబడిదారులే. ఒకసారి వచ్చి వేలిముద్ర వేసి, తమ పత్రం తీసుకెళ్లగలరు. చూపు ఉండగానే వస్తే, అంచు బంగారు రంగులో ఉందని తామే చూసుకోవచ్చు.