శ్రీశైలం దారిలో కోళ్ల కషాయం

రంగస్వామి ఆ ఉదయం లేవడమే కోపంగా లేచాడు. పక్క షెడ్డు గోపన్నకు వారం రోజుల్లో మూడువందల కోళ్లు కొక్కెర తెగులుతో పోయాయి. తన షెడ్డులో ఎనిమిది వందల నాటుకోళ్లున్నాయి, అవి పోతే బతుకు రోడ్డున పడ్డట్టే. రెండ్రోజుల కిందట పశువుల ఆసుపత్రిలో పనిచేసే తనూజ వచ్చి టీకా వేస్తానంటే గెంటేసినంత పని చేశాడు. అతిమధురం వేరు కాచి తాపితే వైరస్సు దరిచేరదని, కోళ్లకు బలమొస్తుందని ఫోనులో ఎవరో చెప్పారట. ఎదురుగా నిలబడి చెప్పే మనిషి మాట చెవికెక్కదు గానీ, ఫోనులో ముక్కూమొహం తెలియనివాడు చెబితే వేదం. ఇలాంటి మగాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

పొద్దున్నే కోళ్లకు నీళ్లు ఆపేశాడు. దప్పికతో ఉంటేనే అవి మందునీళ్లు గటగటా తాగుతాయి. అయిదు కిలోల వేరు దంచి, కాచి, వడగట్టి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములో పోసి, చల్లారడానికి రోడ్డు పక్క వేపచెట్టు నీడన పెట్టాడు. కొలత కోసం తెచ్చిన గ్లాసు డ్రమ్ము మీద బోర్లించి షెడ్డులోకి వెళ్లాడు.

అవి ఉగాది ముందు రోజులు. బళ్లారి వైపు నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులతో ఆలూరు దారి నిండిపోయి ఉంది. ఆ రోజుల్లో ఆ దారిలో నీడన డ్రమ్ము, దాని మీద గ్లాసు కనబడితే ఎవరిదని అడిగేవాళ్లుండరు. ఎవరో పుణ్యాత్ముడు పెట్టాడనుకుని తాగుతారు. రంగస్వామి బయటికొచ్చేసరికి ముప్పై మంది వరుసలో ఉన్నారు.

"ఏయ్! తాగాకండి! అది మీకు గాదు!"

"వెనకొచ్చేటోళ్లకు మిగిలిస్తాంలేప్పా," అన్నాడు ఒక పెద్దాయన గ్లాసు దించుతూ. "నాలుగు దినాల్నుంచి గొంతు పట్టేసి ఉండె. ఇప్పుడు శానా హాయిగా ఉండాది."

"అది కో..."

వెనక నుంచి భార్య నాగజ్యోతి వీపు మీద గిల్లింది. "నోరు మూసుకో! మాంసం మాటే ఎత్తనోళ్లు. కోళ్ల మందు తాపినావని తెలిస్తే నిన్నే ఆ డ్రమ్ములో ముంచుతారు."

రంగస్వామి పళ్లు నూరాడు. పెద్దాయన అప్పటికే వెనక బృందానికి ఫోను చేస్తున్నాడు. "కోళ్ల షెడ్డు కాడ గొంతుకు మందు ఇస్తాండారు. బిరబిరా రాండి."

అరగంటలో రెండువందల మంది దిగారు.

"అయిపోయింది! ఖాళీ! పోండి!" అని రంగస్వామి గొంతు చించుకున్నాడు.

"పాపం, ఒక్కడే ఎంతమందికని కాస్తాడు," అని నలుగురు యువకులు వసారాలో మిగిలిన వేరు మూట తెచ్చి పొయ్యి రాజేశారు. అతను మూట లాక్కోబోతే, సాయం పడుతున్నాడనుకుని మొత్తం అండాలో గుమ్మరించారు.

"నా కోళ్లు దప్పికతో చస్తాండాయి, మీకు అర్థమైతాందా?" అని రంగస్వామి నెత్తి బాదుకున్నాడు.

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "చూడండప్పా, కోళ్లకు గూడా పెట్టకుండా మనకు పోస్తాండాడు!"

ఆ తర్వాత కాళ్లకు మొక్కడం మొదలైంది. రంగస్వామి తిట్టినకొద్దీ మొక్కేవాళ్లు ఎక్కువయ్యారు.

ఆ గొడవలోనే తనూజ ఐసు పెట్టెతో స్కూటరు దిగింది. ఆమెకు ఫోను చేసింది నాగజ్యోతే.

"నీళ్లు ఆపి ఎంతసేపైందక్కా?"

"మూడు గంటలు."

"నీళ్లల్లో కలిపి తాపే టీకాకు ఇంతకంటే ఏం కావాల! అతిమధురం బలానికి ఇస్తే ఇయ్యండి గానీ, టీకాకు బదులు గాదని ఆపొద్దే చెప్పినా. ఈ పొద్దు మాత్రం టీకా నీళ్లల్లో ఇంకేమీ కలపాకండి."

"కలిపేదానికి ఏం మిగిలిందమ్మా," అంది నాగజ్యోతి.

చల్లని నీళ్లలో టీకా చెడకుండా పాలపొడి వేసి, టీకా కలిపి తొట్లు పెట్టగానే కోళ్లు ఎగబడి తాగాయి. యజమాని కాళ్లు భక్తుల చేతుల్లో ఉన్నాయి కాబట్టి అడ్డుకోలేకపోయాడు.

తెగులు ఆ నెలంతా చుట్టుపక్కల తిరిగినా ఆ షెడ్డులో ఒక్క కోడి తల వాల్చలేదు. అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం, జనం పోయాక, తనకు చెప్పకుండా టీకా వేయించిన పెళ్లాన్ని ఉతికి ఆరేయడానికి రంగస్వామి నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పొద్దుటి నుంచి అరిచిన అరుపులకు గొంతు పూర్తిగా పోయింది. కళ్లెర్రజేసి గొంతు చూపించాడు, డ్రమ్ము చూపించాడు.

నాగజ్యోతి డ్రమ్ము వంచి చూసింది. గొంతుకు అంత బాగా పనిచేసే మందు ఒక్క చుక్క కూడా మిగల్లేదు.